మిఠాయి వేరు, కేసు వేరు

అక్టోబరు 28
పోయినేడాది స్కూలు ఆల్బంలో నా ఫొటో. అందులోంచి ముఖం తీసి ఎవరిదో బట్టల్లేని ఒంటికి అతికించారు. చాట్ రూముల్లో తిరుగుతోంది. చేసినవాడు నేను పాఠం చెప్పే క్లాసులోని డోజిన్. పోలీసులు వాడి ఫోన్ పట్టుకున్నారు. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

అక్టోబరు 30
స్టాఫ్ రూములో గూ సార్ ఓదార్పు. ముఖం ఒక్కటేగా మీది నామ్ టీచర్, ఒళ్ళు ఎవరిదో, అంత పట్టింపెందుకు అంటాడు. రోజూ క్లాసుకి ఆ ముఖంతోనే వెళ్తాను సార్ అన్నాను. కాఫీ చల్లారిపోతోందని లేచి వెళ్ళాడు.

నవంబరు 4
డోజిన్ వాళ్ళమ్మ బేరిపళ్ళ పెట్టెతో మా ఫ్లాట్‌కి వచ్చింది. శిక్ష వద్దని టైపు చేసిన కాగితం కూడా తెచ్చింది. నా సంతకం చూస్తే జడ్జి మెత్తబడతాడట. టీచర్ గారూ, యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ముంచుకొచ్చింది, పన్నెండేళ్ళ చదువు, పిల్లాడి బతుకు మీ చేతిలో ఉంది అంటూ మోకాళ్ళ మీద కూర్చుంది. జాలేసింది, అబద్ధమెందుకు. అయినా సంతకం పెట్టలేదు. చట్టం మారింది. అలాంటివి చేయడమే కాదు, దాచుకుని చూసినా నేరమే. పళ్ళపెట్టె లిఫ్ట్ దాకా నేనే మోసిచ్చాను.

నవంబరు 7
క్లాసయ్యాక హారిమ్ ఆగింది. డోజిన్ ఫోన్లో తన ముఖం అతికించిన ఫొటో కూడా ఉందట. ఇప్పుడు చెబితే నా చదువు చెడిపోతుంది టీచర్, ఊరుకుంటాను అంది. ఆ పిల్లదీ అదే పరీక్ష. హారిమ్ కోసం ఎవరూ పళ్ళు పట్టుకుని తిరగలేదు.

నవంబరు 13
పొద్దున కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ ప్యో ఫోన్ చేసింది. రేపు పరీక్ష హడావుడి, వాంగ్మూలం వచ్చేవారం ఇద్దురులే అంది. రేపే వస్తానన్నాను.

హాల్ టికెట్లతోపాటు అందరికీ బంకమిఠాయి పెట్టాను. మంచి కాలేజీకి అతుక్కోవాలని ఏటా పెట్టేదే. డోజిన్‌కీ పెట్టాను. తలెత్తలేదు. హారిమ్‌కి పెడుతూ, రేపు నేనెక్కడుంటానో చెప్పాను.

సాయంత్రం డోజిన్ వాళ్ళమ్మ ఫోన్. మిఠాయి పెట్టారంటే మనసు కరిగినట్టేగా, సంతకానికి ఎప్పుడు రమ్మంటారు అని. మిఠాయి వేరు, కేసు వేరు అన్నాను. రాతిగుండె అంది. రాయే.

నవంబరు 14
ఒంటిగంట దాటింది. పిల్లలకి ఇంగ్లీషు వినే పరీక్ష. చప్పుడు కాకూడదని డేగు నగరమంతా మూగబోయింది, విమానాలు కూడా దిగలేదు. స్టేషన్లో నేను గొంతెత్తి అంతా చెప్పాను.

సాయంత్రం నేనింకా అక్కడుండగానే హారిమ్ పరీక్ష నుంచి టిఫిన్ డబ్బాతో తిన్నగా స్టేషన్‌కే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ నా పక్కన ఇంకో కుర్చీ వేసింది.