కచేరీ గుమ్మం మీద మూడు రాళ్లు

విక్రమ నామ సంవత్సరం, మాఘ శుద్ధ తదియ. వనపర్తి.

ఇన్నాళ్లూ పాత గుర్రపుసాలలో నడిచిన కోర్టు కచేరీకి సొంత ఇల్లు నిలిచింది. గోడలు నావి, మేస్త్రీని నేనే. వరండా స్తంభాలు నావి. నడివేసవిలోనూ ముద్దాయికి, మున్సిఫ్‌కు ఒకే చల్లదనం దొరికేలా గోడ మందం పెట్టింది నేను. వచ్చినవాళ్లు చూసేది మాత్రం గుమ్మం కోసం గద్వాల ఖాసిం చెక్కుతున్న పువ్వులు.

షష్ఠి.

మున్సిఫ్ సాబ్ వచ్చాడు. "వాహ్, ఖాసిం మియా!" — నా స్తంభానికే ఆనుకుని! ఒళ్లు మండిపోయింది.

సప్తమి.

లక్ష్మి సద్ది తెచ్చింది. పెళ్లాం నాది, చూపు ఖాసిం రాయి మీద. "గవి మల్లెపూలేనా? ముట్టుకుంటె రాలుతయేమో!" ఇన్నేళ్ల కాపురంలో నేను కట్టిన గోడను ఒక్కసారైనా ముట్టుకుందా? సద్ది సగంలోనే మూట కట్టేశాను.

అష్టమి.

ఖాసిం భార్యకు నొప్పులట, గద్వాలకు పరుగెత్తాడు. పోతూ పోతూ — "అన్నా, గుమ్మం మీదికి మూడు రాళ్లల్ల ఉర్దూల అదాలత్ అని చెక్కిన. ఒకటి, రెండు, మూడు అని గుర్తులేసిన. గట్లనే ఎక్కియ్యి. దశమికి వస్త."

ఉర్దూ రాత కుడి నుంచి మొదలు. ఒకటో రాయి కుడిపక్కన రావాలి. కూలీలకు అది తెలియదు. నాకు తెలుసు... అతడు నన్ను నమ్మాడు, అందుకే ఏ పక్కనో చెప్పలేదు.

నవమి.

రాళ్లెత్తే బాలయ్య అడిగాడు — "మేస్త్రీ, ఒకటోది ఎడమదిక్కేనా?"

"ఊఁ" అన్నాను. ఒక్క ఊఁ.

రాత తారుమారైంది. ఏకాదశికి కచేరీ తెరుస్తారు. చదువుకున్న వాళ్లంతా తల ఎత్తి చదివి నవ్వుతారు, ఖాసింను చూసి. నా తప్పేముంది? ఒకటి, రెండు, మూడు — అతడన్నట్టే పెట్టించాను.

సాయంత్రం లక్ష్మి వచ్చింది. ఆమెకు ఏ రాతా రాదు. చాలాసేపు చూసింది. "గిప్పుడు కళొచ్చింది. నువ్వే ఎక్కిచ్చినవా?"

"నేనే."

నా చెయ్యి తీసుకుని, గోళ్లలో సున్నం కొంగుతో తుడిచింది. ఎంత సంతోషమేసిందో! ఛీ.

దశమి.

ఖాసింకు కూతురట. మిఠాయి పట్టుకుని వస్తున్నాడని కబురు — మొదట నాకేనట.

సున్నం ఇంకా పచ్చిగానే ఉంది, రాళ్లు మార్చొచ్చు. బాలయ్యను పిలిచాను. వచ్చి నిలబడ్డాడు. "ఏంది మేస్త్రీ?"

అటు లక్ష్మి సద్దితో వస్తోంది, నిన్న తను మెచ్చిన గుమ్మం వైపే చూస్తూ...