పక్కన పెట్టిన దీపం

బొంబాయి,
శ్రావణం, మంగళవారం పొద్దుగాల

తాండూరుల ఉన్న మా అన్న మొగులప్పకు, బొంబాయి నుంచి నీ తమ్ముడు అనంతయ్య కాళ్లకు దండం పెట్టి రాస్తున్న. నేను ఈడ మంచిగనే ఉన్న. పానం మంచిగున్నది, తిండి మంచిగున్నది, నా గురించి రంది పడకు. వదినె ఎట్లున్నది, బిడ్డ లచ్చమ్మ బడికి పోతున్నదా, వికారాబాద్ల మేనత్తకు మోకాళ్ల నొప్పులు తగ్గినయా, అందరి సంగతి తెల్వాలె. ఇవన్నీ ఎప్పుడు అడిగేటియే. ఈసారి ఒక్కటి కొత్తగ అడుగుతున్న. అన్నా, నీ కుడి చెయ్యి ఎట్లున్నది?

మంచిగున్నది అని వదినెతోని రాపియ్యకు. నాకు తెలిసిపోయింది. ఏమైందో తెల్వదు గని ఏదో అయిందని తెలిసింది. నువ్వు పంపిన తాండూరు బండ వచ్చిన కాడి నుంచి కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్న. రాయనీకి కూసుంట, లేస్త, కిటికీ కాడికి పోయి వాన చూస్త, మల్ల వచ్చి కూసుంట. ఈ కాయితం మీద మరక చూసినవా, అది చాయ. లేసేటప్పుడు ఒలికింది. ఇంకో కాయితం తీసి మొదటి నుంచి రాసే ఓపిక నాకు లేదు.

ఎట్ల తెలిసిందో చెప్త, లేకుంటె నువ్వు నమ్మవు.

నేను పని చేసే దుకాణంల మనుషుల ఫోటోలు తియ్యరని ముందే రాసిన గద. మనుషులవి తియ్యకపోతె ఇంకేం తీస్తరు, బర్లయా అని నువ్వు నవ్వినవట, వదినె రాసింది. సామాన్ల ఫోటోలు తీస్తరన్నా. తాళాలు, ఇత్తడి చెంబులు, గాజు సీసలు, గడియారాలు. కంపెనీలోళ్లు వాటిని పుస్తకంల అచ్చు వేసి దుకాణాలకు పంపుతరు. చెంబు కదలది, ఏడ్వది, ఇది అల్కటి పని అని నేను గూడ అనుకున్న. కాదు. ఇత్తడి చెంబు ముందట దీపం పెడితె చెంబు కనవడది, దీపమే కనవడ్తది. కెమెరా పట్టుకొని నిలవడ్డ నేను గూడ దాని కడుపుల పొట్టిగ, లావుగ కనవడ్త. అందుకని చెంబు చుట్టూత తెల్ల మల్లుబట్ట కట్టి, బట్టకు అవతల దీపం పెట్టాలె. గాజు సీసకు ఎనక నుంచి వెలుతురు ఇయ్యాలె. ఒక్కొక్కదానిది ఒక్కొక్క మొండితనం. మనుషులనైతె బతిమాలొచ్చు, చెంబును ఏం బతిమాలుతం?

దుకాణం ముందటనే ట్రాము పోతది. అది పోయినప్పుడల్లా నేల అదురుతది, ఫోటో చెడిపోతది. అందుకని ట్రాము దూరం పోయేదాక ఊపిరి బిగవట్టి నిలవడి, అప్పుడు కెమెరా మూత తీసి, నోట్లనే అంకెలు లెక్కవెట్టుకొని, మల్ల మెల్లగ మూత పెట్టాలె. నాకు ఒక్క కాడ నిలవడుడు ఎంత కష్టమో నీకు ఎరుకే. నువ్వు బండ కొడుతున్నప్పుడు పక్కన కూసోమంటె బండల గని అంత తిరిగి వచ్చేటోన్ని. గసొంటోన్ని ఈడ చెంబు ముందట శ్వాస పట్టి నిలవడ్తున్న. నువ్వు చూస్తె నవ్వుతవు.

ఇన్ని దినాలు దీపాలు తుడుసుడు, బట్టలు కట్టుడు నా పని. ఈ వానకాలంల దుకాణం సేట్ పిలిచి, తాళాల కంపెనీ పెద్ద పని వస్తున్నది, కెమెరా నువ్వే పట్టు అన్నడు. అన్నా, ఆ మాట విని నేను సముద్రం దాక నడిసిపోయి మల్ల నడిసి వచ్చిన. ఎవలకు చెప్పుకోవాలె? వరుసగ గదులున్న మా చాల్ల అందరు మరాఠోళ్లే. పక్క గదిల గుల్బర్గా ఆయన ఉన్నడు, ఆయనకు నాకొచ్చిన కన్నడంల చెప్పిన. ఆయన నా కన్నడానికి నవ్విండో, నా సంబరానికి నవ్విండో తెల్వది గని చక్కెర తెచ్చి నోట్ల పోసిండు. ఈ వానకు చక్కెర గూడ తడిసి ముద్దయింది. ఈడ అన్నిటికి చెమ్మనే. గోడలకు చెమ్మ, బట్టలకు చెమ్మ, కెమెరా అద్దానికి బూజు పట్టకుండ పొద్దుగాల సాయంత్రం తుడువాలె. జొన్నరొట్టె దొరుకది. దొరికినా వదినె చేసినట్టు ఉండది. అయినా తింటున్న, మంచిగనే తింటున్న, ఫికర్ చెయ్యకు.

తాళాలను దేని మీద పెట్టి తియ్యాలన్నది లొల్లి అయింది. కట్టె బల్ల మీద పెడితె బల్ల మెరుస్తది. నల్లబట్ట మీద పెడితె తాళం గాలిల తేలినట్టు ఉంటది, బరువు తెల్వది. తాళానికి బరువు కనవడకపోతె ఎవలు కొంటరు? అప్పుడు నాకు మన బండ యాదికొచ్చింది. మా తాండూరు బండ తెప్పిస్త సేట్, నునుపు చెయ్యంది, ఉలి దెబ్బలు పడ్డది, అది మెరువది అన్న. అందుకే నీకు రాసిన. పీటంత బండ పంపు, పైన సన్నగ ఉలి కొట్టు, నీ చేతితోనే కొట్టు, ఇంకెవలకు ఇయ్యకు అని రాసిన. ఏం తెల్వకుండ గట్ల రాసిన అన్నా. ఇప్పుడు ఆ మాట తలుసుకుంటె నా చెంప నేనే కొట్టుకోబుద్ధయితది.

బండ మంచిగనే చేరింది. గోనెసంచిల గడ్డి పెట్టి కట్టినరు. కొంచెం సేపు ఆ గడ్డి వాసన చూసుకుంట కూసున్న. ఆ తర్వాత కడిగి, తుడిసి, బల్ల మీద పెట్టి, దాని మీద నమూనాకు ఒక తాళం పెట్టి, ముందట నుంచి దీపం ఇచ్చిన. ఏం కనవడలె. ఉత్త బూడిద రంగు. సేట్ ఎనక నిలవడి, దీపం కిందికి దించు, పక్కకు జరుపు, వెలుతురు బండ మీద పాకాలె అన్నడు. దించిన. బండ అంచుకు సమానం చేసిన. అప్పుడు లేసినయి అన్నా గీతలు. ఒక్కొక్క ఉలి దెబ్బకు ఒక దిక్కు వెలుగు, ఒక దిక్కు నీడ, దున్నిన చేను లెక్క. సేట్ శాబాష్ అన్నడు. నేను నల్లబట్టల తల పెట్టి కెమెరాల చూసిన. నాకు శాబాష్ అనబుద్ధి కాలె.

గీతలు ఉల్టా వాలినయి.

నువ్వు కొట్టిన గీతలు ఎటు వాలుతయో నాకు తెల్వదా? మన అరుగు మీద పండుకొని పొద్దుగాల లేస్తె నా చెంప మీద అవే అచ్చు పడి ఉంటుండె. సుత్తె కుడి చేత పట్టేటోని గీత ఒక దిక్కు వాలుతది, ఎడమ చేత పట్టేటోనిది ఇంకో దిక్కు వాలుతది. మొదలు కెమెరాదే తప్పు అనుకున్న, ఎందుకంటె దాంట్ల అన్నీ తలకిందులు కనవడ్తయి. తల బయటికి తీసి ఉత్త కండ్లతోని చూసిన. గట్లనే ఉన్నయి. బండ కింది అంచు పైకి వచ్చేటట్టు తిప్పిన. గట్లనే ఉన్నయి.

ఇంకెవలతోనో కొట్టించి పంపిండు, నా మాటకు ఇంత విలువ లేదు అని నీ మీద కోపం వచ్చింది. ఆ కోపమే మంచిగుండె. దీపాన్ని అంచు దిక్కు జరిపి చూసిన. నాయిన నేర్పిన తీరుగ అంచుకు బొటనవేలంత జాగ చుట్టూత ఇడిసిపెట్టి ఉన్నది. రాయి దండుగ అని ఇంకెవ్వలు గట్ల ఇడువరు, నువ్వొక్కనివే ఇడుస్తవు. ఒక మూలకు గీతలు వంకరటింకర ఉన్నయి, ఒక కాడ లోతు, ఒక కాడ పైపైన, కొత్తగ నేర్చుకునేటోనివి. ఆ మూల నుంచి ఈ మూలకు వచ్చేవరకు మెల్లమెల్లగ చక్కవడ్డయి. అది నీ పనే. నువ్వు ఎడమ చేత సుత్తె పట్టినవు. కుడి చెయ్యి మంచిగుంటె ఎందుకు పడ్తవు?

అయినా మనసు ఒప్పలె. దుకాణం ఎనక బొగ్గు పలగ్గొట్టే సుత్తె ఉన్నది. నేలకు పరిచే పాత ఫర్షి బండ ముక్క ఒకటి, పెద్ద మొల ఒకటి దొరికినయి. ఎడమ చేత కొట్టి చూసిన. మొదటి దెబ్బ వేలు మీదనే పడ్డది. తర్వాత కొన్ని గీతలు పడ్డయి. అవి గూడ నీ బండ మీద తీరుగనే వాలినయి. సేట్ బయటికి వచ్చి, పిచ్చి లేసిందా అని అడిగిండు. లేసింది అన్న.

ఆ వంకర మూల సేట్‌కు గూడ నచ్చలె. ఏం ఫికర్ లేదు, దీపం ముందటికి తెచ్చుకో, అంత మాయమైతది అన్నడు. నిజమే. ఎంత వంకర ఉన్నా ముందట నుంచి వెలుతురు ఇస్తె సాఫ్ కనవడ్తది. అప్పుడు నాకు మీ ఉత్తరాలు యాదికొచ్చినయి. మీ అన్న మంచిగున్నడు, పని మంచిగ నడుస్తున్నది, వానలు మంచిగ పడ్డయి, నువ్వు మంచిగుండు. అవన్నీ ముందట దీపం పెట్టి రాసినయే. వదినె నోట్ల నువ్వుగింజ నానది, అసొంటిది ఎట్ల దాచిందో నాకు సమజైత లేదు. నువ్వు ఒట్టు పెట్టించుకున్నవు కావొచ్చు. వదినె మీద నాకు కోపం లేదు. లేదని రాస్తున్న గని కొంచెం ఉన్నది.

వదినె, ఇది నువ్వే సదువుతున్నవు గద. ఈడ జర ఆపి, ఆయన మొఖం చూడు.

ఎందుకు దాచినవో నాకు తెలుసన్నా. రైలెక్కిచ్చిన నాడు నా పెట్టె ఒక చేత పట్టుకొని చెప్పినవు. కెమెరా నీ చేతికి వచ్చేదాక సుత్తె దిక్కు మల్ల చూడకు, నాయినను ఆ దుమ్ము తిన్నది, నన్ను గూడ తింటది, నువ్వన్న మంచి గాలి పీల్చు అన్నవు. ఇంట్ల కష్టమని తెలిస్తె నేను అన్ని ఇడిసిపెట్టి ఉరికొస్తనని నీ బుగులు. ఉరికొస్త. ఎందుకు రాను? రజాకార్ల లొల్లిల నన్ను అనంతగిరి గుట్టల్లకు గుంజకపోయింది ఏ చెయ్యి? గుడి మెట్ల కాడ నేను పడితె నన్ను లేపింది ఏ చెయ్యి? అది ఏమైందో నాకు చెప్పకపోతె ఇంకెవలకు చెప్తవు? రాయి మీద పడ్డదా, వేళ్లు పోయినయా, ఉత్త నొప్పేనా, ఏదనుకున్నా ఇంకోటి దానికన్న ఎక్కువ అనిపిస్తున్నది. బువ్వ ముందట కూసుంటె నువ్వు ఏ చేత తింటున్నవో అన్నదే మతిల మెదులుతది.

ఇంకో సంగతి ఎన్నడు రాయలె. ఆదివారం నేను టేషన్‌కు పోత. హైదరాబాద్ బండి నిలవడి ఉంటది. ఒక రైలు డబ్బకు చెయ్యి ఆనిచ్చి నిలవడ్త. రేపు పొద్దుగాల ఇది తాండూరుల ఆగుతది, మా అన్న టేషన్ల బండలు ఎక్కిచ్చుకుంట దీన్ని చూస్తడు అనుకుంట. బండి కదిలినంక ఇంటికి వస్త. మొన్న ఆదివారం చెయ్యి తీయబుద్ధి కాలె. కూలీ ఒకాయన గుంజితె ఇవతలికి వచ్చిన.

ఇగ విను. సేట్‌ను అడిగిన. తాళాల పని మొదలు కాకముందె ఊరికి పోయి వస్త అన్న. పోయి రా, గని చెప్పినప్పటికి రాకపోతె కెమెరా ఇంకొకనికి ఇస్త అన్నడు. ఆయన తప్పేం లేదు, ఆయన పని ఆయనది. శనివారం బండెక్కుతున్న. టికెట్ వికారాబాద్ దాక తీసుకున్న. ఆదివారం పొద్దుగాల బండి తాండూరుల ఆగుతది.

నువ్వు టేషన్‌కు రా. బండలు పేర్చిన కాడ, ఎవలు అడ్డం లేని జాగల నిలవడు. ఎర్ర రుమాలు కట్టుకో. బండి ఆగంగనే కుడి చెయ్యి లేపు. తల మీదికి లేపు, నేను చూస్త. లేస్తె నేను దిగను. వికారాబాద్ పోయి అత్తను చూసి, అనంతగిరి ఎక్కి పద్మనాభస్వామికి కొబ్బరికాయ కొట్టి, వాపస్ వచ్చేటప్పుడు మన ఇంట్ల ఒక పూట తిని, బొంబాయి పోయి కెమెరా పడ్త. నువ్వు చెప్పినట్టే వింట. లేవకుంటె దిగుత. పెట్టె ఒళ్లెనే పెట్టుకొని కూసుంట. సుత్తె ఎట్ల పట్టాలో నా చేతులు ఇంకా మరువలే. అప్పుడు నువ్వు ఎంత తిట్టినా బండి మల్ల ఎక్కను.

ఎడమ చెయ్యి లేపి మోసం చెయ్యకు. వదినె ఎనక నిలవడి మోచెయ్యి పట్టి లేపుడు గూడ వద్దు. పనుందని రాకుండ తప్పిచ్చుకుంటవేమో, రాకపోయినా దిగుత. దిగినా దిగకపోయినా వదినెను కందిపప్పు మూట కట్టి తెమ్మను, ఈడి పప్పు ఉడుకది.

మేనత్తకు నా దండాలు చెప్పి పంపు. గనిల పెద్దోళ్లందరిని అడిగిన అని చెప్పు. లచ్చమ్మకు ముద్దులు, దానికి గాజు గోలీలు తెస్తున్న. నన్ను దీవించు అన్నా, ఏ చేతితోనన్న దీవించు, గని టేషన్ల మాత్రం కుడిదే చూపెట్టు. ఆ యాల్లకు పొద్దు అప్పుడే పొడిసి ఉంటది, వెలుతురు పక్క నుంచి పడ్తది. నాకు అంత కనవడ్తది.

నీ కుడి చెయ్యి పట్టుకొని పెరిగిన తమ్ముడు,
అనంతయ్య