వీడియోలో నేనెందుకు లేనంటే

శామీర్‌పేట నుంచి

అమ్మకు, నాయినకు మీ పెద్దబిడ్డ సరిత దండాలు. నేను బాగున్నాను. మీరంతా బాగున్నారని, అవ్వకు మోకాళ్ళ నొప్పి తగ్గిందని అనుకుంటున్నాను. ఈ ఉత్తరం మీకు చెల్లె లావణ్య చదివి వినిపిస్తుంది కాబట్టి ముందు దానికో మాట: ఒక్క ముక్క కూడా వదలకుండా చదువు. ఫోనులో నీ సంగతి రాగానే మాట మార్చేస్తున్నావు, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే చెరువు మీది నుంచి గాలి కొడుతుంటే, చున్నీలు చెవులకు చుట్టుకుని కంపెనీ బండి కోసం నిలబడుతున్నాం. తుర్కపల్లిలో పని అలవాటైంది. సీసాల్లో మందు నింపే గదిలోకి పౌడరు, కాటుక, క్రీము ఏదీ పెట్టుకుని పోకూడదు. ముఖం మీది నుంచి రాలితే మందు పాడవుతుంది. కాబట్టి బండి ఎక్కే ఆడపిల్లలందరం కడుక్కున్న ముఖాలతోనే ఉంటాం. కొత్తలో సిగ్గనిపించేది. ఇప్పుడు ఆ ముఖాలే నాకు ముద్దుగా ఉంటాయి. తిండికి లోటు లేదు. మా ఇంటి ఓనరు ఆంటీది గుంటూరు వైపు, గోంగూర పచ్చడి పెడుతుంది. ఆదివారాలు మాత్రం గదిలో ఏమీ తోచదు, మీరు గుర్తొస్తారు.

ఇక వీడియో సంగతి. పనిచేసే ఆడవాళ్ళ గురించి కంపెనీ తీసిన వీడియోలో నేను మాట్లాడానని చెప్పాను కదా. లావణ్య వాడకట్టంతా చెప్పుకుంది. తీరా మీరు ఫోను చుట్టూ కూర్చుని చూస్తే నేను లేను. "ఏమైంది బిడ్డా, నిన్ను పనిలకెళ్ళి తీసేసిన్రా?" అని అమ్మ భయపడింది. పని ఉంది. వీడియోలో నుంచి తీసేయమన్నది నేనే.

ముందు మాకు క్యాంటీనులో చూపించారు. తెర మీద ఒక తెల్లటి పిల్ల, చెంపలు లేవు, గడ్డం కోసుగా ఉంది. నా గదిలో ఉండే సుజాత, "ఎవలే గీ పిల్ల? నీ గొంతుతోని మాట్లాడుతాంది" అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ ఆ పూట అన్నం సహించలేదు.

వీడియో తీసినతన్ని అడిగితే కంప్యూటర్ తెరిచి చూపించాడు. తెర మీద నా అసలు ముఖాన్ని వేలితో కొంచెం లోపలికి నెట్టాడు, చెంప పోయింది. పక్కనున్న గీతను జరిపాడు, నా నలుపు పోయింది. "అందరికి గట్లనే జేస్తం అక్కా. రీల్స్ జేసేటోళ్ళు గూడ గంతే. పరేషాన్ గాకు" అన్నాడు.

నేను ఆఫీసు సారు దగ్గరికి పోయాను.

"సార్, వీడియోల ఉన్న గా పిల్ల నేను కాదు."

"మస్తు మంచిగ కనవడుతున్నవ్ కదమ్మా. నీ బాధ ఏంది?"

"నాది మా నాయిన ముఖం సార్. గదే పెట్టుండ్రి, లేకుంటే నన్ను తీసెయ్యుండ్రి."

"మల్ల చేసే టైం లేదు. ఇంకోసారి నిన్ను పిలువరు, చూస్కో."

"పిలువకుంటే పాయె సార్."

తీసేశారు. తీసేస్తామనే జవాబు వచ్చేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు. మన ఇంట్లో మొదట బడికి పోయింది నేను. చదువుకున్న బిడ్డ ఎట్లా ఉంటుందో వాడకట్టు చూడాలంటే ఈ నల్లటి ముఖాన్నే చూడాలి.

లావణ్యా, ఇది నీకు. పొద్దంతా దోసకాయ ముక్కలు, రాత్రికి నిమ్మకాయ నీళ్ళతో ఉంటున్నావట. కాలేజీ బస్సు దిగుతూ కళ్ళు తిరిగి పడ్డావని అమ్మ ఏడ్చింది. నువ్వు ఏ రీల్స్ పిల్లను చూసి అన్నం మానేశావో, అట్లాంటి చెంపలు ఎట్లా వస్తాయో నేను కళ్ళారా చూశాను. ఆ చెంపలు పస్తులుంటే తగ్గినవి కావు, వేలితో నెడితే తగ్గినవి. నువ్వు ఎన్ని పూటలు కడుపు మాడ్చుకున్నా ఆ ముఖం నీకు రాదు. అది ఆ పిల్లకు కూడా లేదు. నువ్వడిగిన తెల్లబడే క్రీము నేను పంపను. అలిగితే అలుగు.

అమ్మా, దాన్ని తిట్టకు. వచ్చే ఆదివారం వస్తున్నాను. పచ్చిపులుసు చెయ్యి. కొంచెం పల్లీల పొడి కొట్టి ఉంచు, ఇక్కడికి తెచ్చుకుంటాను. లావణ్య, నేను ఒకే కంచంలో తింటాం. అది ముద్ద ముట్టకపోతే నేనూ ముట్టను. ఆకలికి నేను ఎంతసేపు ఆగగలనో మీ అందరికీ తెలుసు. నన్ను పస్తు పండబెట్టే ధైర్యం దానికి ఉందేమో చూస్తాను.

అవ్వకు, పెద్దనాయినకు నా దండాలు చెప్పండి. మీ దీవెనలు మా అక్కచెల్లెళ్ళిద్దరికీ కావాలి.

మీ బిడ్డ,
సరిత