గేటు కాపలాదారు చెప్పిన మాట

డేటన్, ఒహాయో
2 మార్చి 1953

ప్రియమైన ఎమెట్,

నిన్నటి నాటకం మా బడి హాస్టల్లో పిల్లలతో కలిసి చూశాను. చెవులు వినపడని పిల్లలకి టీవీ ఎందుకని గొణిగిన హెడ్మాస్టరే అందరికంటే ముందు కుర్చీ వేసుకున్నాడు. రైల్వే గేటు కాపలాదారుగా బాగున్నావు. ఆ మీసం మాత్రం ఇంటికి తీసుకురాకు.

అయితే నాటకంలో చనిపోయిన కొడుకు ఫోటో ముందు నువ్వు ఒక్కడివే నిలబడ్డప్పుడు శబ్దం పోయింది. నేను లేచి మీటలు తిప్పుతుంటే మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత నువ్వు కోటు తొడుక్కుని పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్ళావో అర్థం కాలేదు. మెకానిక్‌ని పిలిస్తే టీవీ పెట్టె బాగానే ఉందన్నాడు. ఎదురింటి పెట్టెలోనూ అక్కడే పోయిందట. అప్పటినుంచి మనసు కుదురుగా లేదు. ఏం జరిగింది?

నీ లియోనా

న్యూయార్క్
5 మార్చి

ప్రియమైన లియోనా,

మీ హాస్టల్ పెట్టె మంచిదే. ఈ సంగతి ఎవరికీ చెప్పకు. గాజు గదిలో డైరెక్టర్ పక్కన మిస్ టోబిన్ అని ఒకావిడ నాటకం ప్రతి పట్టుకుని కూర్చుంటుంది. మేం ఆడుతుండగానే నాటకం ఇళ్ళలో కనపడుతుంది కాబట్టి, నటుడు మాట మరిచిపోతే ఆవిడ మీట నొక్కుతుంది. బయటికి శబ్దం ఆగిపోతుంది, ఆవిడ మాకు మాట అందిస్తుంది. ఇళ్ళలో జనం తమ పెట్టెలను తిట్టుకుంటారు.

నేను ఆగిపోయానట. ఆవిడ మీట నొక్కి పేజీలో చోటు వెతుక్కునేలోగా నేనే తేరుకుని, ఒక వాక్యం వదిలేసి తర్వాతది అందుకున్నానట. ఆ క్షణంలో డైరెక్టర్ గోర్మన్ వేరే కెమెరా చూస్తున్నాడు. కెమెరావాళ్ళ చెవుల్లో ఆయన కేకలే. సెట్టు మీద నేను తప్ప ఎవరూ లేరు, నేనేమన్నానో విన్నవాళ్ళూ లేరు.

నాకు గుర్తున్నంతవరకు నేను ఏ వాక్యమూ వదల్లేదు. భయమంతా అందుకే. మా నాన్న కూడా మాట మధ్యలో ఆగిపోయి, ఆగలేదని ప్రమాణం చేసేవాడు. అప్పుడు ఆయనకి నా వయసే.

22న ఇంకో నాటకంలో పెద్ద వేషం ఉంది. నాటకానికి డబ్బు పెట్టే సబ్బుల కంపెనీవాళ్ళు నన్ను మార్చమంటున్నారు. బుధవారం తేలుస్తారు. గోర్మన్ నన్ను చూసి, "ఏం పెద్దాయనా, నిద్ర పడుతోందా?" అన్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

నీ ఎమెట్

డేటన్
7 మార్చి

ప్రియమైన ఎమెట్,

నీ ఉత్తరం క్లాసు మధ్యలో చదివి, అక్కడే పిల్లలని అడిగాను. వాళ్ళు పెదవులు చూసి మాట పట్టుకుంటారు. శబ్దం పోయిన సంగతే వాళ్ళకి తెలియదు. "ఫోటో ముందు ముసలాయన ఏమన్నాడు?" అన్నాను.

"మీకు తెలియదా టీచర్? మీరే కదా లేచి తెరకి సగం అడ్డం నిలబడ్డారు" అంది వెర్నా. అని బోర్డు మీద రాసింది: "గేటు వేశాననే అందరికీ చెప్పాను. వెయ్యలేదు."

ఇంకో ఇద్దరిని విడివిడిగా గదిలోకి పిలిచి రాయించాను. అదే రాశారు. ఒకడు 'అందరికీ' వదిలేశాడు.

నా దగ్గర నాటకం ప్రతి లేదు. ఈ మాట అందులో ఉందో లేదో తెలియకుండానే ఇది పోస్టు చేస్తున్నాను. ఉంటే పిల్లలు రాసిన కాగితాలు గోర్మన్‌కి చూపించు. లేకపోతే రైలెక్కి వచ్చెయ్యి. డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం.

నీ లియోనా

న్యూయార్క్
12 మార్చి

ప్రియమైన లియోనా,

ఉంది. అక్షరం తేడా లేదు.

గోర్మన్ కాగితాలు చూసి, "బడిపిల్లల సాక్ష్యమా?" అని నవ్వాడు. అయినా ప్రసారం నేరుగా అందని పడమటి ఊళ్ళకి పంపడానికి టీవీ తెర మీంచి తీసిన ఫిల్ము వేయించాడు. ఆ చోట శబ్దం లేదు, నా ముఖం ఉంది. ఊపిరి తీసుకున్నాను, ఆగాను, చెప్పాను. రిహార్సల్లో అంతసేపు ఆగలేదు. ఏ మనిషైనా ఆ మాట గబుక్కున చెప్పలేడని అప్పుడే తోచింది.

మిస్ టోబిన్ నా వైపు తిరిగింది. "మీరు మరిచిపోయారనుకున్నానండీ" అంది.

"నేనూ అదే అనుకున్నాను" అన్నాను.

వేషం నాదే. కొత్త నాటకంలోనూ అలాంటి చోటు ఒకటుంది. అక్కడ ఆగకపోతే ఆ మాట ఎవరూ నమ్మరు. ఆగితే ఆవిడ వేలు మీట మీద ఉంటుంది. "ఎంతసేపు ఆగుతారో ముందే చెప్పండి, ప్రతిలో గుర్తు పెట్టుకుంటాను" అని నిన్న బతిమాలింది. ఆ చోటు వస్తే గాని నాకూ తెలియదు.

నీ ఎమెట్