పదిహేడేళ్ల పిల్లవాడిగా నేనిచ్చిన సంతృప్తిని కొట్టివేయుట గురించి

జిల్లా ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సామాజిక ఆరోగ్య కేంద్రంలో కౌమార సేవల మదింపు సందర్భమున, నలభై నాలుగేళ్ల నన్ను పదిహేడేళ్ల వాడిగా చూపుట.

1. నేను వడ్రంగిని. ఉలి జారి బొటనవేలు తెగినందున కట్టు కోసం సదరు కేంద్రానికి వెళ్లితిని. ఆ రోజు మదింపుకు ఒక మేడమ్ గారు వచ్చుచున్నారు. కౌమారులను చూసే గదికి కొత్త కర్టెన్ వచ్చింది గానీ, పిల్లలెవరూ రాలేదు. నేను పొట్టిగా, సన్నగా ఉండుట కంపౌండర్ గారి కంటబడినది. "కాసేపు కుర్రాడివైపో అన్నా, కట్టు తర్వాత కడతా" అని మాస్కు, టోపీ తగిలించి కూర్చోబెట్టినారు.

2. మేడమ్ గారు ఆప్యాయంగా "గొంతు మారుతోందా బాబూ?" అని అడిగిరి. మారి చాలా కాలమైందని చెప్పబోగా కంపౌండర్ గారు దగ్గినారు. "మారుతోందండీ" అన్నాను. "ఇక్కడ సేవలు ఎలా ఉన్నాయి?" వేలు సలుపుతున్నందున తొందరగా తెమిలిపోవాలని "బ్రహ్మాండం" అన్నాను.

3. ఇంతలో గుమ్మం దగ్గర ఆయా కేక: "ఈవేళ పిల్లల్ని చూడరు. పిల్లల్ని ఎలా చూస్తున్నారో తనిఖీ జరుగుతోంది. రేపు రా!" తొంగి చూద్దును కదా, మా అమ్మాయి! గోడ పట్టుకుని నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆంటీ, నెలనెలా మరీ ఎక్కువవుతోంది. కళ్లు తిరుగుతున్నాయి" అంటోంది. అయ్యా, ఈ మాట వాళ్లమ్మకైనా చెప్పలేదు.

4. "బంగారూ!" అని లేచాను. మాస్కు జారింది. "నాన్నా! నువ్విక్కడేం చేస్తున్నావ్?" అంది. మేడమ్ గారు నా మీసం వంక చూసి, "బాబూ, నీకు కూతురా?" అనిరి.

5. ఆమె మంచివారు. నన్ను బయటికి పంపి, నర్సమ్మను పిలిపించి, తలుపు వేసి అమ్మాయి చెప్పిందంతా విన్నారు. రక్తం బాగా తగ్గిపోయిందట. పెద్దాసుపత్రికి పంపారు. ఇప్పుడు మందులు వాడుతోంది, కాస్త తేరుకుంది. ఆ రోజు వెనక్కి వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు పని మీద చెయ్యి ఆడటం లేదు.

6. అయినను కేంద్రం వారు గోడకు అంటించిన పత్రంలో "వచ్చిన కౌమారులు ఇద్దరు, ఇద్దరూ సంతృప్తులు" అని ఇప్పటికీ ఉన్నది.

కావున నా సంతృప్తిని కొట్టివేసి, తనిఖీ రోజున కూడా పిల్లలను లోపలికి రానిచ్చి, ఆ గది తలుపుకు ఒక గడియ మంజూరు చేయ ప్రార్థన. గడియ నేనే ఊరికే బిగిస్తాను. చిత్తగించి తగు ఉత్తర్వులు ఇప్పించగలరు.

తమ విధేయుడు,
వడ్రంగి

తా.క. ఇది అమ్మాయికి చదివి వినిపించాను. "నా సంగతి ఆఫీసులో అందరూ చదువుతారా నాన్నా?" అంది. నేను కాగితం మడవబోయాను. తనే ఆపి, "పోనీలే, పంపించు. మా క్లాసులో ఇంకా ఇద్దరున్నారు, వెళ్లడానికి భయపడుతున్నారు" అంది. అందుకని పంపుతున్నాను. దయచేసి మనసులో చదువుకోండి సార్, పైకి చదవొద్దు.