నెయిల్ పాలిష్ చుక్క

జూన్ 9, సోమవారం
నా సరుకుల బండి స్టార్ట్ చేస్తే టిక్ టిక్... వారం నుంచీ ఇదే గోల. మెకానిక్ యాదగిరి షెడ్డులో బానెట్ ఎత్తించాను. ఇంజను నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టాల గుత్తి, హెడర్, పగిలింది. వెల్డింగ్ నిలవదట. కొత్తది కొనాలట. అదీ వాళ్ల బామ్మర్ది షాపులోనేనట! పదేళ్ల దోస్తు. అయినా బామ్మర్ది బామ్మర్దే.

జూన్ 10
గడ్డపోతారం. ఇట్టే మంటంటుకునే సాల్వెంట్ డ్రమ్ములు ఎత్తే ఫ్యాక్టరీ కనుక గేటు దగ్గర ఎప్పటిలాగే సైలెన్సర్ చివర నిప్పురవ్వలు ఆపే జాలీ బిగించారు. సేఫ్టీ సారు చెవికి చప్పుడు పడింది. జాలీ వెనక, పగులు ముందు — రవ్వ ముందు నుంచే ఎగిరితే ఎవరు బతుకుతారని కడిగేశాడు. శనివారానికి బాగు చేయించకపోతే గేటు దాటనివ్వడు. నాకున్నది ఈ ఒక్క ఫ్యాక్టరీ కిరాయే. భయమేసింది.

జూన్ 11
పటాన్‌చెరు. మూడు షాపులు తిరిగాను, బామ్మర్దిది తప్ప. మొదటిది పోత ఇనుము — లోపల వేలు పెడితే ఇసుక గరగర. రెండోది తళతళ, రేకు మరీ పలచన. మూడోది మందంగా ఉంది. ఇంజనుకు ఆనుకునే అంచున వెల్డింగ్ కొంచెం వంకర, అంతే. షాపాయన చాయ్ తెప్పించాడు. చాయ్ ఎందుకు?... ఫోటో తీసుకుని మూడోదే కొన్నాను.

జూన్ 12
బిగించేది మాత్రం యాదగిరే. మార్చేస్తే? మా ఆవిడ కరుణ నెయిల్ పాలిష్‌తో హెడర్ అడుగున గుర్తుగా ఎర్ర చుక్క పెట్టాను. బ్యాటరీకి, స్టెప్నీకి మా డ్రైవర్లందరం పెట్టేదే. కరుణ నవ్వింది. "ప్రార్థనల గూడ కండ్లు తెరిసే ఉంటవ్ నువ్వు."

జూన్ 13
పొద్దున బిగించాడు. చప్పుడు లేదు. హాయి.

మధ్యాహ్నం బండి కిందికి దూరి చూశాను. చుక్క లేదు.

నేరుగా షెడ్డుకు. నలుగురి ముందు దొంగ అన్నాను. యాదగిరి చేతులు తుడుచుకుని పానా నా ముందు పెట్టాడు. "నువ్వే ఇప్పి సూస్కో."

విప్పాను. ఫోటో పక్కన పెట్టి చూస్తే అదే వంకర వెల్డింగ్. నాదే.

నేనే తిరిగి బిగించుకున్నాను. అతను ఇటు చూడకుండానే అన్నాడు: "ఒకసారి ఇప్పినంక నడుమ గాస్కెట్ కొత్తదెయ్యాలె." ఇంజనుకూ హెడర్‌కూ నడుమ సందు మూసే ఆ రేకు కూడా బామ్మర్ది షాపు నుంచే కదా అనుకుని పాతదానితోనే వచ్చేశాను.

అదే రోజు, సాయంత్రం
కరుణకు చెప్పాను. "నెయిల్ పాలిష్ ఇస్త్రీపెట్టెకు తాకితెనే మాడిపోతది. ఇంజన్ కాడ ఆగుతదా?"


జూన్ 14, శనివారం
గేటు బయట, వరుసలో. సెక్యూరిటీ అతను సైలెన్సర్‌కు జాలీ బిగించి చలో అన్నాడు. సేఫ్టీ సారు సెలవట. చుట్టూ లారీల మోత, ఎవరికీ ఏమీ వినపడదు.

నాకు వినపడుతోంది. టిక్ టిక్... నిజమా, నా అనుమానమా? అద్దం దించాను. నిజమే. నేను బిగించిన చోటే.

బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, యాదగిరికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. విన్నాడు. "లోపలికి పోకు. గాస్కెట్ పట్టుకొని వస్తున్న."

నిన్నటి మాట ఒక్కటీ ఎత్తలేదు.

ఎందుకెత్తలేదు?