ముందుగది స్తంభం

బావగారికి నమస్కారాలు.

నాన్న స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. కంగారు పడొద్దని డాక్టరు చెప్పాడు. ఆయన ఆ మాట చెప్పినప్పటి నుంచే నాకు కంగారు. పదిహేను రోజులు తిరక్కముందే చక్రాల మంచంతో సహా ఇంటికి పంపేస్తారట. మంచం పట్టేది ముందుగదిలోనే. అక్కడేమో వీధి గుమ్మానికీ పెరటి తలుపుకీ నడుమ మీరు కట్టిన స్తంభం. కొలిచి చూశాను, మంచం తిరగదు.

కొట్టించేయమంటారా? మేస్త్రీ కారణం లేకుండా ఇటుక పెట్టడని, ఈ లోకాన్ని కట్టినవాడూ అంతేనని భోజనాల దగ్గర నాతో ఎన్నిసార్లు వాదించారో. ఆ కారణమేదో ఇప్పుడు చెప్పండి. పైగా అది చూడ్డానికీ బాగుండదు. నడుమెత్తున నల్లటి మరక ఒకటి, ఎన్నిసార్లు సున్నం వేసినా పైకి తేలుతుంది.

మీ బావమరిది

తా.క. వంటిల్లు ఇంకా కారుతోంది. దానికీ కారణం ఉందా?

*

బావమరిదికి ఆశీస్సులు.

మామగారి సంగతి విని మీ అక్క అన్నం సహించక లేచిపోయింది. స్తంభం ముట్టుకోకు. అది సరిగ్గా స్లాబు నడిమధ్యన ఉంది. కారణం నీకు కనపడకపోతే లేనట్టేనా? నీ కడుపులో ప్లీహం ఎందుకుందో నీకు తెలుసా? తెలియదని కోయించుకుంటావా? చూడ్డానికి కన్ను, వినడానికి చెవి అమర్చినవాడు ఒకడున్నాడు. ఆయన నీకు జవాబు రాయలేదని లేడనేస్తావు. నేను రాస్తున్నాను కదా, నా మాటైనా నమ్ము. అసలు కారణం ఉత్తరంలో రాసేది కాదు.

మీ బావ

తా.క. ఆ గదిలో పిల్లల్ని గెంతనివ్వకు.

మళ్లీ తా.క. గోడలకు మేకులు కూడా కొట్టకు.

*

బావగారికి నమస్కారాలు.

మీ రెండు తా.క.లు చదివాక అందరం వెనకగదిలోకి మారాం. మా ఆవిడ ముందుగది దాటాలంటే మునివేళ్ల మీద నడుస్తోంది. తలుపు గట్టిగా తట్టాడని పాలాయనతో పోట్లాడాను. ఏ దేవుడి పటానికీ చెయ్యెత్తనివాణ్ణి, ఆ స్తంభం పక్కన్నుంచి వెళ్తుంటే చేతులు వాటంతటవే దగ్గరికొస్తున్నాయి.

నిన్న బల్లెక్కి చూశాను. స్తంభం స్లాబును తాకడం లేదు. మధ్యన సందు ఉంది. ఈ కాగితం ఇటు దూరిస్తే అటు వచ్చింది. మరి అది మోస్తున్నదేమిటి? ఏమీ మోయనిదాన్ని కట్టడానికి కారణమేమిటి? మీ వాదం పోయింది బావగారూ. అది పోయాకైనా నాకు నిద్ర పట్టాలి కదా, అదీ లేదు. స్తంభం కుంగిందా, స్లాబు లేచిందా? శుక్రవారం నాన్న వస్తున్నారు. తిరుగు టపాలో రాయండి. సమ్మెట మనిషితో మాట్లాడి ఉంచాను.

మీ బావమరిది

తా.క. కాగితం అంచున సున్నం అందుకే.

*

బావమరిదికి ఆశీస్సులు.

ఆ స్తంభం నేను కట్టలేదు. స్లాబు పోసి వేరే పనికి వెళ్లి, తిరిగొచ్చేసరికి అది నిలబడి ఉంది. అప్పటికి నేను కొత్తల్లుణ్ణి. నా స్లాబు మీద నమ్మకం లేక మామగారు ఆసరా పెట్టించారనుకున్నాను. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. మీ ఇంట్లో ఎప్పుడు భోంచేసినా అది కంటపడకుండా దానికి వీపు పెట్టి కూర్చునేది అందుకే.

ఇప్పుడది దేన్నీ మోయడం లేదంటున్నావు. గోడను చూసి మేస్త్రీ ఉన్నాడని చెప్పలేమా అని ఊరందరినీ నిలదీసినవాణ్ణి. ఆ ఇటుకలు వాటంతటవే లేచి నిలబడ్డాయని నువ్వంటే ఏం చెప్పాలో తోచడం లేదు. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి పొద్దున దణ్ణం పెట్టుకోవడం మానేశాను. మీ అక్క జ్వరమేమోనని గంటకోసారి నా నుదురు పట్టి చూస్తోంది.

కొట్టించెయ్. నా స్లాబుకు ఏ ఆసరా అక్కర్లేదు.

మీ బావ

తా.క. ఆగు. కొట్టించకు. సందు ఎంతుందో కొలిచి రాయి.

*

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం, సమ్మెట మనిషి, నాన్న ఒకే పూట వచ్చారు. మంచం గుమ్మంలో ఆగిపోయింది. సమ్మెట ఎందుకని నాన్న అడిగారు. చెప్పాను. స్తంభం వైపు చూసి, "మీ అమ్మకి రేచీకటిరా" అన్నారు.

అమ్మ బతికున్న రోజుల్లో పొద్దు వాలితే చూపు ఆనేది కాదట. ఎవరి చెయ్యీ పట్టుకోదు, ఎవరికీ చెప్పనివ్వదు. మంచం దగ్గర్నుంచి పెరటి తలుపు దాకా పట్టుకోవడానికి ఏమీ లేక ఒకసారి పడిందట. మీరు ఊళ్లో లేనప్పుడు మిగిలిన ఇటుకలతో నాన్న ఆ స్తంభం పెట్టించారు. మరక అమ్మ చేతిది. సాయంత్రాలు అక్కడ నిలబడి నన్ను పిలవడం గుర్తుంది. పిలవడానికే ఆగేదనుకునేవాణ్ణి.

"మరి పైన సందేమిటి?" అన్నాను.

"స్లాబుకి ఆనిస్తే కొత్తల్లుడు ఏమనుకుంటాడు? తన పని మీద నమ్మకం లేదనుకోడూ? అందుకని కావాలనే వదిలించాను."

ఆ సందు మీ కోసమే వదిలారు బావగారూ. మీరు దానికి వీపు పెట్టి కూర్చున్నారు.

సమ్మెట మనిషిని పంపేశాను. మంచం స్తంభానికి ఇవతలే వేశాం. నడక మొదలైతే మొదట ఆగేది దాని దగ్గరేనని నాన్న ఖాయం చేసేశారు. పెట్టించినవాడు ఉన్నాడు, కారణమూ ఉంది, మనం వెతికిన చోట మాత్రం లేదు. నెగ్గింది మీరో నేనో తేల్చుకోలేకపోతున్నాను. దణ్ణం మాత్రం మళ్లీ మొదలుపెట్టండి, అక్క మీ నుదుటి మీంచి చెయ్యి తీస్తుంది.

మీ బావమరిది

తా.క. వంటిల్లు కారడం గురించీ నాన్నను అడిగాను. అందులో తన ఆలోచనేమీ లేదట. అది పూర్తిగా మీ పనేనట.